దేవదానం తాగలేదు

బస్టాండు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే దేవదానం దివంగతుడయ్యాడన్న వార్త మొన్న సోమవారం నన్ను చేరింది. అప్పుడు తొమ్మిదో తరగతికి సమాసాలు చెబుతున్నాను. ఫోన్ చేసినవాడు మా పదో తరగతి సహాధ్యాయి సుబ్బయ్య. "గుండె ఆగిపోయిందంట. ఆస్పత్రికి తీసుకపోయే లోపలే అయిపోయింది" అన్నాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. నా చేత వేయించుకున్న ఒట్టు నుంచి నన్ను విడిపించకుండానే వెళ్ళిపోయాడు మహానుభావుడు.

మర్నాడు బేస్తవారిపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో భూస్థాపన. పెట్టె ఇంకా ఇంటిముందు పందిట్లోనే ఉంది. నా వెనక ఒక పెద్దమనిషి పక్కవాడితో "ఏముందిలే, తాగుడే తినేసింది" అన్నాడు. పక్కవాడు తలూపాడు. ఈ నాలుగు మాటలూ ముందుగా ఆ ఇద్దరి కోసం రాస్తున్నాను. అట్లా తలూపేవాళ్ళు గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా ఇంకా చాలామంది ఉన్నారు గనక వాళ్ళ కోసం కూడా.

దేవదానం ఎట్లాంటివాడో తెలియాలంటే మా హైస్కూలు వీడ్కోలు సభ దగ్గరికి పోవాలి. మిక్చరు పొట్లాలు పంచాక లెక్కల మాస్టారు ఒక్కొక్కరినీ లేపి, ఏమి కాదలిచారో చెప్పమన్నారు. సుబ్బయ్య కలెక్టరునవుతానన్నాడు. నేను లాయరునన్నాను. డాక్టర్లకూ ఇంజనీర్లకూ లెక్కే లేదు. చివరి బెంచీలోంచి దేవదానం లేచి, "మార్కాపురం నుంచి నంద్యాలకు పొయ్యే బస్సు డ్రైవరు సార్" అన్నాడు. తరగతి గది పగిలిపోయేట్టు నవ్వాం. మాస్టారు కూడా నవ్వాపుకుంటూ "అదే ఎందుకురా?" అన్నారు.

"ఘాటు రోడ్డు మలుపులో అవతల ఏముందో అందరికంటే ముందు చూసేది డ్రైవరే గద సార్."

వాళ్ళ అమ్మానాయనలు మా మిరపచేలకు కూలికి వచ్చేవారు. సెలవుల్లో తనూ వచ్చేవాడు. ఇద్దరిదీ ఒకే ఈడైనా నన్ను అక్కా అనేవాడు, నేను ఒరే అనేదాన్ని. మా ఊళ్ళలో ఆ పిలుపుల వెనక ఏముందో అందరికీ తెలిసిందే గనక వివరించను.

కాలపురుషుడు మా ఆకాంక్షలన్నిటినీ వరసపెట్టి కొట్టేశాడు. మా కలెక్టరు కంభంలో ఎరువుల దుకాణం పెట్టాడు. వాదించాల్సిన నా గొంతు వ్యాకరణానికి అంకితమైంది. ఇంజనీర్లలో ఇద్దరు పలకల ఫ్యాక్టరీలో కుదిరారు. అనుకున్నది అనుకున్నట్టు అయినవాడు దేవదానం ఒక్కడే. ఆ బస్సును మేము "మన బస్సు" అనేవాళ్ళం. సహాధ్యాయి ఎవరెక్కినా ముందు సీటు ఖాళీ చేయించి మరీ కూర్చోబెట్టేవాడు. "బండిలో మనిషి నిద్రపోతే నాకు మర్యాద అక్కా. మేలుకుని కూర్చుంటే నన్ను నమ్మనట్టే" అనేవాడు. ఆ మర్యాద అతనికి దండిగా చేశాను. దిగువమెట్ట వచ్చేలోపలే గురక పెట్టేదాన్ని.

ఒక్క సాయంత్రం మాత్రం నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున నంద్యాలలో మా అమ్మాయికి ప్రవేశ పరీక్ష. గిద్దలూరులో ఒక పెళ్ళివారి గుంపు పూలబుట్టలతో, పెట్టెలతో ఎక్కింది. బస్సు కిక్కిరిసిపోయింది. దిగువమెట్ట దాటేసరికి నల్లమల మీద మబ్బు కమ్ముకుంది, చినుకులు మొదలయ్యాయి. ఘాటు ఇంకా ఎక్కలేదు. ఉన్నట్టుండి దేవదానం బస్సును ఎడమకు తీసి ఇంజను ఆపేశాడు.

కండక్టరు ఖాసిం భాయ్ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. వాళ్ళిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నది ముందు సీట్లో ఉన్న నాకొక్కదానికే వినబడింది.

"ఏందిరా?"

"ఎదురుగా వచ్చే లారీ రెండుగా కనపడతా ఉంది భాయ్. పొద్దున ఒకసారి అట్లనే అయింది, కాసేపటికి సర్దుకునింది. ఇప్పుడు సర్దుకోలా."

"నెమ్మదిగా పోనీరా. ఇది రిపోర్టు రాస్తే నిన్ను మళ్ళీ స్టీరింగు ముట్టనీరు. ఈ మలుపులు దాటిస్తే నంద్యాలలో చూపించుకుందువు. ఎవురికి తెలుస్తాది?"

"నెమ్మదిగా పోతే రెండు లారీలు ఒకటైతాయా భాయ్?"

తాళంచెవి తీసి ఖాసిం చేతిలో పెట్టి కిందికి దిగాడు. మలుపుల్లో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బస్సు నిండా పిల్లాజెల్లా. మార్కాపురం నుంచి ఇంతదూరం ఆ కళ్ళతోనే వచ్చామన్న సంగతి అప్పుడు తట్టి, మా అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

వెనక కేకలు మొదలయ్యాయి. పెళ్ళిపెద్ద ఒకాయన దూకినట్టు దిగి దేవదానం కాలరు పట్టుకున్నాడు. "రాత్రికి ముహూర్తం రా! నడపనంటే ఏంది? తాగినావా?" అన్నాడు. ఆ మాట కిటికీల్లోంచి లోపలికి పాకింది. తాగినాడంట, తాగినాడంట. దేవదానం అవుననలేదు, కాదనలేదు. కారణం చెబితే బస్సులో ఎంత గగ్గోలు పుడుతుందో అతనికి తెలుసు. "కొట్టన్నా, కొట్టు. బండి మాత్రం కదలదు" అన్నాడు. ఆయన కొట్టనే కొట్టాడు. నేను దిగబోతే దేవదానం చెయ్యెత్తి ఆపాడు. వెనక బస్సు వచ్చేదాకా వానలో అట్లాగే నిలబడ్డాడు. అందరం అందులో ఇరుక్కుని వెళ్ళాం. మా అమ్మాయి పరీక్ష రాసింది. పెళ్ళీ జరిగిందనే విన్నాను.

తర్వాత పరీక్షల్లో కంటి నరం చెడిందని, ఒక కన్ను మూసుకుంటే తప్ప ఏదైనా రెండుగానే కనబడుతుందని తేలింది. దేవదానాన్ని గేటు డ్యూటీకి మార్చారు. బస్సులోంచి బయల్దేరిన మాట మాత్రం మాకంటే ముందే ఊళ్ళకు చేరింది, డ్రైవరు తాగి ఘాటు దగ్గర బండి వదిలేశాడని. నేను ఊరుకునేదాన్ని కాను. అందరికీ నిజం చెబుతానని ఎగురుకుంటూ గేటు దగ్గరికి పోయాను. ఆ మనిషి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చెప్పొద్దక్కా. తాగి పోగొట్టుకున్నోణ్ణి రేపు మానుకుంటే మళ్ళీ ఎక్కుతాడులే అంటారు. కన్ను పోయిందంటే ఇంక అయిపోయినాడు అంటారు. మన బ్యాచ్‌లో అనుకున్నది అయినోణ్ణి నేనొక్కణ్ణే గదా. నేను గూడా పోతే ఎట్ల?"

"మార్తమ్మకైనా చెప్పినావా?" అన్నాను. మార్తమ్మ అతని భార్య.

"దానికి గూడా తాగినాననే చెప్పినా. కన్ను సంగతి తెలిస్తే ఏడుస్తాది. తాగినానంటే తిడతాదంతే. ఏడ్చేదాని కన్నా తిట్టేది మేలు." ఖాసిం భాయ్ దగ్గర ముందే మాట తీసుకున్నాడట. నా చేత మా అమ్మాయి తల మీద ఒట్టు వేయించుకున్నాడు.

మార్తమ్మ ఊరుకుంటుందా? ఆదివారం మందిరానికి లాక్కుపోయి సంఘం ముందు నిలబెట్టింది. ఏనాడూ చుక్క ముట్టనివాడు తలవంచుకుని, ఇక ముట్టనని దేవుని ఎదుట ప్రమాణం చేశాడు. నాకు చెబుతూ పడీపడీ నవ్వాడు. "తాగనోడు మానేది సులువే గదక్కా!" నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత మా పూర్వవిద్యార్థుల సమావేశంలో ఎవరేమయ్యారో చెప్పుకుంటుంటే, అతను లేచి "దేవదానం, డ్రైవరు" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా నాలుక చివరిదాకా వచ్చిన మాటను మా అమ్మాయిని తలుచుకుని మింగేశాను.

అంత ఓపిక పట్టినదాన్ని మొన్న పట్టలేకపోయాను. పెట్టె ముందు నిలబడి పాస్టరుగారు, ఈ సహోదరుడు త్రాగుడులో పడి లేచినవాడు, యౌవనస్థులకు మాదిరి అని ప్రసంగించారు. పాపం, ఆయన మంచికే అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. నా కూతురి తల మీద ఒట్టు. కానీ ఆ కూతుర్ని ఆ మలుపుల్లోకి తీసుకుపోనివాడు అతనే. గండమంటూ ఉంటే ఆనాడే గడిచిందనుకుని లేచాను. "దేవదానం తాగలేదు" అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఒక మూల నుంచి ఖాసిం భాయ్ కర్ర పట్టుకుని లేచి, "అమ్మ చెప్పింది నిజం. నడపమన్నోణ్ణి నేనే. వాడు వినలా" అన్నాడు.

దేవదానమా, నిన్ను తిట్టుకుంటూ ఆ సాయంత్రం వెనక బస్సు ఎక్కినవాళ్ళు ఈనాడు పిల్లాపాపలతో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ నీ పేరు తెలియదు. మాలో ఆశపడ్డది దక్కినవాడివి నువ్వొక్కడివే, దక్కినదాన్ని నీ చేతులతో నువ్వే తీసి ఇచ్చినవాడివీ నువ్వే. నీలాంటి సహాధ్యాయి మాకు ఇక లేడు. ఒట్టు తప్పిన ఈ అక్క నమస్కారం అందుకో.

ఈ నమస్కారం నాకు సరిపోతుందేమో గానీ మార్తమ్మకు సరిపోదు. నేను చెప్పడం అయ్యాక ఆమె పెట్టె పక్కనుంచి లేవలేదు, ఏడవలేదు. ఒక చెయ్యి అతని కళ్ళ మీద పెట్టి, నా వైపు తిరిగింది.

"ఒక కన్ను మూసుకొని చూస్తా ఉంటే, నన్ను ఎక్కిరిస్తాండాడని అన్నం గిన్నె ఇసిరి కొడితి గదమ్మా. నవ్వినాడే గానీ చెప్పలా. ఇన్నేండ్లు తిట్టిన తిట్లు ఇప్పుడు నేను యాడ పెట్టుకోవాల?"