అమర్‌కంటక్ ఘాటీలో అప్పయమ్మ

అప్పయమ్మ సైకిలు గంట వినబడితే చాలు, బిలాస్‌పూర్ లోకో షెడ్డులో పెళ్ళికాని కుర్రాళ్ళు పనిముట్లు కింద పెట్టి చేతులు కడుక్కునేవారు. హ్యాండిలుకి అటూ ఇటూ వేలాడే క్యారేజీలు, వెనక కట్టిన వెదురు గంపలో మరికొన్ని, గోచీ పెట్టి బిగించి కట్టిన ముదురు రంగు నేత చీర, నుదుట పెద్ద బొట్టు. షెడ్డు నుంచి స్టేషనుకి, స్టేషను నుంచి గూడ్సు యార్డుకి ఆ సైకిలు మధ్యాహ్నమంతా తిరుగుతూనే ఉండేది. నలభై దాటిన ఆడమనిషి మగవాళ్ళ సైకిలు తొక్కుతోందని మొదట్లో నవ్వినవాళ్ళే, ఏడాది తిరిగేసరికి ఆవిడ చేతి చేపల పులుసు కోసం ఎదురుచూడడం మొదలెట్టారు.

ఆవిడ పుట్టింది నరసన్నపేట దగ్గర పల్లెలో. మేనమామ కొడుకు పైడిరాజుని చేసుకుని, అతనికి రైల్లో ఫైర్‌మన్ పని దొరికితే వెంట బిలాస్‌పూర్ వచ్చింది. వచ్చిన కొత్తలోనే తనూ పనిలో చేరింది. ఇంజన్లకు బొగ్గు పోసే ఎత్తైన దిమ్మ మీదికి ఏటవాలు బల్లల మీదుగా తట్టలు మోసే పని అది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద బొగ్గు తట్ట, కాళ్ళ కింద ఊగే బల్ల. అలా ఏళ్ళు గడిచాయి. పైడిరాజు కంట్లో నిప్పురవ్వ పడి ఒక కన్ను పోయింది. అతన్ని ఇంజను మీంచి దించి, దీపాలు తుడిచే లైట్ డ్యూటీలో వేశారు. ఆ తరవాత దేశమంతటా వ్యాపారాలు కుంగిన రోజుల్లో రైల్వేవాళ్ళు మనుషుల్ని తగ్గించారు. బొగ్గు దిమ్మ మీద ముందు పోయింది ఆడవాళ్ళ పనే.

అప్పయమ్మ రెండు రోజులు ఇంట్లో ఊరికే కూర్చుంది. మూడో రోజు పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. భోజనాలకు మనుషులు కుదిరారు గాని, మోసుకెళ్ళి అందించేసరికి అన్నం చల్లారిపోయేది. ఖరగ్‌పూర్ బదిలీ అయిపోతున్న ఒక డ్రైవరు దొర దగ్గర పైడిరాజు పాత సైకిలు సంపాదించి తెచ్చాడు.

"ఒలే, బొగ్గు తట్ట మోసిన కాళ్ళు నీవి. దీనికేటి, కూకుని తొక్కడవే గదా" అన్నాడు.

అప్పయమ్మ రైల్వే ఇన్‌స్టిట్యూటు వెనక మైదానంలో వారం రోజులు మోకాళ్ళు చెక్కుకుపోయేలా పడింది. తరవాత పడలేదు.

ఆవిడ దగ్గర భోంచేసేవాళ్ళలో స్టోర్సు గుమస్తా గోవిందరావుకి సైకిలంటే పిచ్చి. సెలవు రోజుల్లో షెడ్డు కుర్రాళ్ళని పోగేసి మస్తూరీ వరకో, రతన్‌పూర్ వరకో తొక్కించేవాడు. ఒక ఏడు క్రిస్మస్ సెలవులకి పెద్ద ఆలోచన చేశాడు. బిలాస్‌పూర్‌లో బయల్దేరి రతన్‌పూర్, కేందా మీదుగా కేంవచీ చేరాలి. అక్కడ ఘాటీ, అంటే కొండదారి, ఎక్కి అమర్‌కంటక్ వెళ్ళాలి. దిగాక అచానక్‌మార్ అడవిలోంచి కోటా మీదుగా ఇల్లు చేరాలి. ఒక చుట్టు చుట్టి రావాలన్నమాట. నర్మద పుట్టే ఆ కొండకి యాత్రికులు ఎడ్లబళ్ళ మీద పోతారు. సైకిలు మీద ఘాటీ అంతా దిగకుండా ఎక్కినవాడు రైల్వే కాలనీలో లేడు.

"దారిలో తిండెలాగ?" అని అడిగింది అప్పయమ్మ క్యారేజీ విప్పుతూ.

"సత్తుపిండి పట్టుకెళ్తాం అత్తా" అన్నాడు గోవిందరావు.

"సత్తు తిని కొండెక్కుతారా? నానూ వొత్తాను. బియ్యం, గిన్నెలు నా సైకిలు మీదే ఏసుకుంటాను."

పక్కనే ఉన్న నూకరాజు పకపకా నవ్వాడు. అతను షెడ్డులో ఫిట్టరు. కండలు తిరిగిన మనిషి, అందరికంటే వేగంగా తొక్కేవాడు. "అత్తా, అది కాలనీ రోడ్డు కాదు. పహాడ్. మేవే దిగి నడుత్తామేమో."

"నడిసీవోలు నడండి. నాను తొక్కుతాను" అంది అప్పయమ్మ, అతని కంచంలో పులుసు పోస్తూ.

ఆ సాయంత్రం పైడిరాజుకి చెప్పింది. అతను చాలాసేపు చుట్ట పీల్చి, "కట్నీ లైన్లో డ్యూటీ ఎల్లినప్పుడల్లా పేండ్రా రోడ్డు టేసను కాడ ఆ కొండలే కనపడీవి. ఇంజను మీంచి సూడ్డవే గాని దిగి ఎక్కింది నేదు" అన్నాడు. చుట్ట నుసి దులిపి, "నిజంగా తొక్కీగలవేటే?" అన్నాడు.

"తొక్కీగలను మావా. కిందనించి పైదాకా కాలు బూమ్మీద ఎట్టను. సూడు."

"నానేటి సూత్తాను, నువ్వే వొచ్చి సెప్పాల."

బయల్దేరిన రోజున కుర్రాళ్ళు రతన్‌పూర్ దాకా గాలిలా పోయారు. అప్పయమ్మ వెనక నుంచి, రోజూ క్యారేజీలు మోసే వేగంతోనే వచ్చింది. వెనక గంపలో బియ్యం, పప్పు, రెండు గిన్నెలు, గరిటె. కేందా చేరేసరికి కుర్రాళ్ళ హుషారు సగం తగ్గింది. అడవి బంగళా వరండాలో గొంగళ్ళు కప్పుకుని పడుకున్నారు. మర్నాడు తెల్లారాక గంజి తాగి కేంవచీ వైపు కదిలారు.

ఘాటీ మొదట్లో దారి మెల్లగానే ఎత్తయింది. రెండు పక్కలా నిటారుగా గుగ్గిలం చెట్లు, కింద ఎర్రమన్ను, మీద పరిచిన కంకర. తరవాత మలుపులు వచ్చాయి. ఒక మలుపు తిరిగి హమ్మయ్య అనుకునేలోపు తల మీద ఇంకో మలుపు కనిపించేది. నూకరాజు లేచి నిలబడి బలమంతా పెట్టి తొక్కుతూ అందరినీ దాటిపోయాడు. మూడో మలుపులో అప్పయమ్మకి అతను దారి పక్క రాయి మీద కనిపించాడు. పిక్క పట్టేసి, తాగిన గంజంతా కక్కుకుని, తలొంచుకుని కూర్చున్నాడు. కొంత దూరం వెనక గోవిందరావు, తక్కినవాళ్ళు సైకిళ్ళు నడిపించుకుంటూ వస్తున్నారు.

"నీళ్ళు తాగి ఊపిరి తీసుకో నాయినా" అని, ఆగకుండానే అతన్ని దాటింది అప్పయమ్మ.

ఆవిడకి ఈ ఎత్తు కొత్తగా అనిపించలేదు. బొగ్గు బల్ల మీద కూడా ఇంతే. అడుగు, ఊపిరి, అడుగు, ఊపిరి. తొడలు మండుతున్నాయి గాని అది తెలిసిన మంటే. దారి వెడల్పున్నచోట ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వంకరలు తిప్పుకుంటూ ఎక్కింది. పైన ఆకాశం కాస్త వెడల్పయింది. ఇక ఎంతో లేదనుకుంది.

అంతలో బాగా నిటారు మలుపొకటి వచ్చింది. ముందు చక్రం కంకరలో దిగబడింది, వెనక గంప ఒక పక్కకి ఒరిగింది. గిన్నెలు గణగణమన్నాయి. ఎంత ఆపుకున్నా సైకిలు వాలింది. అప్పయమ్మ కుడికాలు నేల మీద ఆనింది.

ఆవిడ అలాగే నిలబడి ఎర్రమట్టిలో తన పాదం వైపు చూసుకుంది. ముందూ వెనకా మనిషి లేడు. చెట్ల మీద కొండముచ్చులు తప్ప చూసినవాళ్ళు లేరు. మళ్ళీ ఎక్కి సాగిపోతే అడిగేవాళ్ళెవరు? కాని రేపు ఇంట్లో మావ అడుగుతాడు. ఏం చెప్పాలి? ఈ మలుపు ఒక్కటీ తప్ప అని చెప్పాలి. ఆ మాట నోట రానిచ్చేకంటే మళ్ళీ ఎక్కడమే తేలికనిపించింది ఆవిడకి. గంప సరిచేసుకుని, సైకిలు వెనక్కి తిప్పింది.

ఆపసోపాలు పడుతూ నడిచి వస్తున్నవాళ్ళు, పై నుంచి దిగి వస్తున్న అప్పయమ్మని చూసి ఆగిపోయారు.

"ఏటత్తా, ఎనక్కొచ్చేత్తన్నావు? పైన ఏటైనా జంతువుందా?" అన్నాడు నూకరాజు.

"జంతువూ నేదు ఏటీ నేదు. కాలు కిందెట్టీసేను. మళ్ళా మొదట్నించీ ఎక్కుతాను."

గోవిందరావు చేతిలో సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మొదటి నుంచా? అత్తా, ఇంత ఎత్తూ ఎక్కావు కదా. ఎవరు చూశారని?"

"నాను సూసేను గదా బాబూ." ఆవిడ గంప విప్పి రోడ్డు మీద దించింది. "మీరెలాగా నడుత్తన్నారు. ఇది మోసుకెల్లి పైన వండండి. నానొచ్చీసరికి అన్నం ఉడికిపోవాల."

"బరువు లేకుండా ఎక్కితే అదీ లెక్కేనా?" అన్నాడు గోవిందరావు, గంప అందుకుంటూ.

"కాలు కిందెట్టనని సెప్పేను గాని, గిన్నెల్తో ఎక్కుతానని మావకి సెప్పలేదు" అని ఆవిడ దిగువకి సాగిపోయింది.

ఘాటీ అడుగున కల్వర్టు దగ్గర ఆగి, వాగు నీళ్ళతో ముఖం కడుక్కుంది. చీర చెంగు మళ్ళీ బిగించింది. ఎక్కింది. ఈసారి మలుపులు తెలిసినవే. ఎక్కడ కంకర వదులుగా ఉందో, ఎక్కడ బండి చక్రాల గాడి గట్టిగా ఉందో చూసుకుంది. మోపు నెత్తిన పెట్టుకుని దిగి వస్తున్న ఒక గోండు ముసలమ్మ పక్కకి తప్పుకుని, "కహాఁ జాథస్ దాయీ?" అంది, ఎక్కడికమ్మా అని. "ఊపర్" అంది అప్పయమ్మ, పైకని. అంతకంటే మాట్లాడ్డానికి ఊపిరి లేదు. ముసలమ్మ వెనక నుంచి ఏదో అంటూ నవ్వడం చాలాసేపు వినబడింది.

నిటారు మలుపు వచ్చింది. ఈసారి లోపలి వైపు పోకుండా, లోయ అంచుకి దగ్గరగా వెడల్పుగా తిప్పింది. చక్రం ఒక్కసారి తడబడింది. పళ్ళు బిగించి తొక్కింది. సైకిలు నిలబడిందో, కదిలిందో తెలియని క్షణం ఒకటి గడిచింది. తరవాత కదిలింది.

పైన చదునులో చెట్టు కింద పొగ లేస్తోంది. గోవిందరావు తడి పుల్లలు ఊదుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. అప్పయమ్మ వాళ్ళ చుట్టూ సైకిలు తిప్పుతూనే అడిగింది.

"ఇంకెక్కడా ఎత్తు నేదు గదా?"

"లేదత్తా. ఇదే పైకొస."

"సరిగ్గా సూసి సెప్పు."

"అమర్‌కంటక్ దాకా ఇక అంతా చదునేనట, బండివాణ్ణి అడిగాను. దిగు అత్తా."

అప్పుడు దిగింది. సైకిలు చెట్టుకి ఆనించి కింద చతికిలబడింది. నూకరాజు కుంటుకుంటూ వచ్చి, మోదుగాకుల విస్తరి ఆవిడ ముందు పరిచి అన్నం పెట్టాడు. అన్నం ముద్దయింది, అడుగు మాడింది. పప్పులో ఉప్పు చాలా ఎక్కువైంది. ఎవరైనా వండి తన ముందు విస్తరి వేసి ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తు రాలేదు. కలుపుకుని తింది.

"ఎలాగుందత్తా?" అన్నాడు నూకరాజు బెరుగ్గా.

"బాగా నేదు. ఇంకొంచెం ఎట్టు."

మర్నాడు నర్మద కుండంలో అందరూ చన్నీళ్ళ స్నానం చేసి, ఘాటీ దిగి అచానక్‌మార్ దారి పట్టారు. అడవిలో ముళ్ళు గుచ్చుకుని టైర్లు పంచరయ్యాయి. గోవిందరావు సైకిలు చైను తెగితే నూకరాజు రాయితో కొట్టి అతికించాడు. ఇల్లు చేరేసరికి అందరి బట్టలూ ఎర్రమట్టి రంగయ్యాయి.

పైడిరాజు క్వార్టరు గుమ్మంలోనే ఉన్నాడు. సైకిలు అందుకుని ముందు దాన్ని, తరవాత ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఎక్కేవా?"

"ఎక్కేను."

"కాలు?"

"ఒకపాలి ఎట్టీసేను మావా. మళ్ళా కిందకి పోయి ఎక్కేను. రెండోపాలి ఎట్టనేదు."

పైడిరాజు లోపలికెళ్ళి కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి తెచ్చి, ఆవిడ కాళ్ళ మీద తనే పోశాడు. ఎర్రమట్టి కరిగి గుమ్మం ముందు పారింది. పక్క క్వార్టర్ల ఆడవాళ్ళు చూస్తున్నా అతను పట్టించుకోలేదు.

"ఇప్పుడు సెప్పు, పైన ఏటేటి ఉందో" అన్నాడు, మెట్టు మీద పక్కన కూర్చుంటూ.

ఆవిడ చెప్పడం మొదలెట్టింది. చీకటి పడి, పొయ్యి వెలిగించే వేళ దాటినా చెబుతూనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి టైర్లు దొరకకుండా పోయేదాకా క్రిస్మస్‌కి ఆ చుట్టు సాగింది. అప్పయమ్మ ప్రతి ఏడూ వెళ్ళింది. వంట మాత్రం వంతులవారీగా పడింది, ఆవిడ పెట్టిన షరతు అది.