కల్లంలో కర్పూర ప్రమాణం

మా మిరప కల్లంలో సినిమా షూటింగు జరగబోతోందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడపడుచు. "వదినా, అచ్చం నీ చెవి కమ్మ కథేనంట! కూలిమనిషి చేత కర్పూరం ఆర్పించే సీనుందంట," అని నవ్వింది. నేను చేతిలోని పూలసజ్జ కింద పెట్టేశాను.

ఐదేళ్ల కిందట, మిరపకాయలకు తొడిమలు తీసే రోజుల్లో, నా చెవి కమ్మ ఒకటి కనబడలేదు. ఆ రోజు మంచినీళ్ల కోసం వంటింటి దాకా వచ్చింది ఒక్క కూలామే. మా అత్తగారు ఆమెను కల్లంలో నిలబెట్టి, పళ్లెంలో కర్పూరం వెలిగించి, తీయలేదని చెబుతూ అరచేత్తో ఆర్పమన్నారు. అబద్ధమైతే ఇరవై ఒక్క రోజుల్లో ఆర్పినవాళ్ల ఇంటికి కీడు జరుగుతుందని మావైపు నమ్మకం. ఆమె ఆర్పింది. పన్నెండో రోజున ఆమె పాడిగేదె చచ్చిపోయింది. ఊరికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఏ కల్లంలోకీ ఆమెను రానివ్వలేదు. పర్చూరు వైపు పొగాకు పనులకు పోయేది.

నెల తిరక్కముందే కమ్మ దొరికింది. శుక్రవారం తలంటుకోబోతూ తీసి, దేవుడి పటం వెనక పెట్టి మరిచిపోయింది నేనే. అత్తగారికి చూపించాను.

"నోర్మూసుకో. చచ్చిన గేదె లేచొస్తదా? మన పరువు పోద్ది," అన్నారు. ఆ జతను చెరిపించి గొలుసులో కలిపించారు.

నేను నోరు మూసుకున్నాను. బడి గడప తొక్కని నాకు నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, ఏ మేలు జరిగినా దేవుడికి దణ్ణం పెట్టుకోవాలని కూడా ఆయనే నేర్పారు. పోయిన వస్తువు ఇప్పించినందుకు పెదకాకాని వెళ్లి శివుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఆ కూలామె గడపకు మాత్రం వెళ్లలేదు.

షూటింగు రోజున, కర్పూరం ఆర్పడం తెలిసిన మనిషి కావాలన్నాడు దర్శకుడు. అత్తగారు ఆమెనే పిలిపించారు. "చేసినదానివేగా, ఎట్టాగో చూపించవే."

చూపించింది. "చెయ్యి తొందరగా తీసేస్తున్నారమ్మా, ఇంకోసారి," అన్నాడాయన. ఆరుసార్లు చేయించాడు. ఆడపడుచు ఫోన్లో వీడియో తీస్తూ, "దానికి అలవాటేలెండి!" అంది. కల్లమంతా నవ్వింది.

మధ్యలో ఆమె దర్శకుణ్ణి అడిగింది: "అయ్యా, ఆ వస్తువు ఆఖర్న దొరుకుద్దాండీ?"

"దొరుకుద్దమ్మా. ఇంటావిడకే దొరుకుద్ది. కానీ చెప్పదు."

"చెప్పదా?"

"చెబితే ఇంక సినిమా ఏముంటది!"

ఆమె మళ్లీ అరచెయ్యి చాచింది.

అంతా అయ్యాక నేను వెన్న తెచ్చి ఆమె బొబ్బల మీద రాశాను. "మీరు దేవుడి మనిషండీ అమ్మగారూ. ఈ ఊళ్లో నన్ను దొంగ అననిది మీరొక్కరే," అంది. నేను ఇంకాస్త వెన్న రాశాను.

మొన్నామధ్య ఆ సినిమా ఇంట్లో అందరం కలిసి చూశాం. సినిమాలో ఇంటావిడ నగ దాచుకుని ఊరుకోవడం చూసి మా అత్తగారు, "ఛీ, ఇట్టాంటి మనుషులు కూడా ఉంటారా!" అన్నారు. నటన కాదు, నిజంగానే అసహ్యించుకున్నారు.

మర్నాడు ఆ కూలామె ఇంటికి వెళ్లి, కమ్మ దొరికిందనీ, ఎప్పుడు దొరికిందో, ఎక్కడ దొరికిందో కూడా చెప్పాను. ఆమె బియ్యం కడుగుతోంది. తలెత్తలేదు.

"నేను తీయలేదని నాకు చెప్తారేంటండీ? నాకు తెలిసిందేగా అది. ఊరికి చెప్పండి."

అందుకే ఇది రాశాను. ముందు అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. నన్ను మీరేమన్నా పడతాను. ఆమె మాత్రం మా ఇంట్లో గ్లాసుడు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు మీ వాళ్లతో పాటు ఆమెను కూడా ఒక్కసారి తలుచుకోండి.