ఇసకలో పాతిన తెడ్డు

మొన్న ఆదివారం మా చర్చి ఆడవాళ్ళ కూడికలో నన్ను పరిచయం చేస్తూ, "పాటు వేళ గోదారి మొగకి ఎదురెళ్ళిన మొండి కెప్టెన్" అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. మొండిదాన్నే, కాదనను. ఎదురెళ్ళానన్నది మాత్రం అబద్ధం. రమ్మనే గుర్తు కనిపించింది. నేను వెళ్ళాను.

జనవరి రెండో వారంలో అంతర్వేదిలో దిగాను. మధ్యాహ్నం మూడున్నర. ట్రక్కులో ఆరు కయాక్‌లు, పద్నాలుగు తెడ్లు, రెండు వైర్‌లెస్ సెట్లు. తుఫాను షెల్టర్లో మకాం. నేను ఆర్మీలో ఇంజినీరు ఆఫీసర్ని. వంతెనలు కట్టడం తెలుసు, కయాక్ అనే ఈ ఒంటిమనిషి పడవ ఎక్కడం తెలీదు. ఆరు వారాల్లో నేర్చుకోవాలి. ఆ తర్వాత మరో ముగ్గురిని వెంటబెట్టుకుని తీరం వెంబడి కాకినాడ చేరాలి. అదీ ఆర్డరు. ఆ జట్టుకి లీడర్ని నేనే. సర్వీసు పొడిగింపు దాని మీదే ఆధారపడి ఉంది.

నేర్పేవాడు ఒక సుబేదారు. ఫౌజులో నేర్పేవాళ్ళని ఉస్తాద్ అంటాం. ఈయనది నరసాపురం. మొదటి రోజు నడుముకి రబ్బరు గుడ్డ తొడిగించాడు. నీళ్ళు లోపలికి రాకుండా పడవ నోటిని మూసే గుడ్డ. దాన్ని స్కర్ట్ అంటారు. ఆర్మీలో చేరాక నేను స్కర్ట్ వేసుకున్నది అప్పుడే.

"ముందు మునగడం నేర్చుకోండి మేడమ్."

"మునగడానికి ఉస్తాద్ దేనికండీ? మా కాలవలో చిన్నప్పుడే మునిగాను."

"అప్పుడు నడుముకి పడవ కట్టుకుని మునగలేదు కదండీ."

పడవ తిరగబడింది. తల కింద, నీళ్ళు ముక్కులో. మూడు లెక్కపెట్టి, ముందున్న పట్టీ లాగి బయటపడాలి. నేను లెక్కపెట్టకుండానే లాగాను. పైకొచ్చి మాట్లాడకుండా దగ్గుతూ ఉంటే ఉస్తాద్ కేకలేశాడు.

"పైకి రాగానే నోరు తెరవండి! మునిగాను అని అరవండి! నీళ్ళలో తన తప్పు దాచుకున్నోడు పక్కోణ్ణి ముంచుతాడండీ."

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను.

మూడు వారాలయ్యేసరికి అల పక్క నుంచి కొట్టినా తెడ్డు ఆనించి పడవ తిరగబడకుండా ఆపుకోగలిగాను. తిరగబడిన పడవలో నీళ్ళు ఒంపి, మనిషిని తిరిగి ఎక్కించడానికి మొదట పదకొండు నిమిషాలు పట్టింది. చివరికి రెండున్నర. నాలుగో వారం నుంచి ప్లానింగు. నీళ్ళు ఎక్కే పోటు ఎప్పుడు, నీళ్ళు తీసే పాటు ఎప్పుడు, గాలి ఎటు, ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు. కాగితం ఒకటి మా దగ్గర, ఒకటి తీరాన ఉన్నవాడి దగ్గర. గోదారి సముద్రంలో కలిసే మొగ గురించి పటంలో లేనిది, చేపల బోటు నడిపే ఒక సరంగు చెప్పాడు.

"పాటులో మొగలోకి రాకండి అమ్మగారూ. ఏరు బయటికి తోత్తాది, సముద్రం లోపలికి తోత్తాది, మధ్యలో మీరు నలిగిపోతారు. బయటే కూకోండి. పోటొచ్చాక గోదారే మిమ్మల్ని ఎత్తుకొచ్చేత్తాది."

ప్లానులో అదే రాశాను. ఆఖరి రిహార్సల్ రోజు పాటు తొమ్మిదికి మొదలవుతుంది, అది దాటితే మొగ బయటే ఆగాలి. ఉస్తాద్ ఒడ్డు నుంచి తెడ్డు నిలువుగా చూపిస్తేనే లోపలికి. అడ్డంగా పట్టుకుంటే ఆగాలి. సముద్రం వైపు నుంచి మాకు అలల వీపులే కనిపిస్తాయి. ఎక్కడ విరుగుతున్నాయో ఒడ్డునున్నవాడికే తెలుస్తుంది. కళ్ళు ఆయనవి, చేతులు మావి.

ఆఖరి రిహార్సల్ ఆరింటికి మొదలు కావాలి. పెద్ద ఆఫీసరు చూడటానికి వస్తున్నారు, ఆగమని ఆయన ఆఫీసు నుంచి ఫోను. ఆగాం. ఏడూ నలభై అయినా ఆయన రాలేదు. "వెళ్ళిపోండి, తిరిగొచ్చేటప్పుడు చూస్తారు" అన్నారు. టైము మారితే ప్లానే మారుతుందని వాదించాను. "మీరు ప్రతిదానికీ వాదిస్తారు మేడమ్" అన్నారు.

సముద్రంలో తిరిగి, పదీ పదికి మళ్ళీ మొగ బయటికి చేరాం. నేను, నర్సింగ్ లెఫ్టినెంటు, ఇద్దరు జవాన్లు. గాలి సముద్రం మీది నుంచి తిరిగింది. సెట్ తీశాను.

"ఒడ్డు, ఒడ్డు, లీడర్. పాటు లాగుతోంది. ఆగాలా, రావాలా?"

"లీడర్, ఆగండి. చూసి తెడ్డు చూపిస్తాను."

ఆగాం. ఆరు నిమిషాలు. అల మీదికి లేచినప్పుడు లెఫ్టినెంటు అరిచింది: "మేడమ్, ఉస్తాద్ రమ్మంటున్నారు!"

చూశాను. పసుపు తెడ్డు, నిటారుగా.

వెళ్ళాం. మొగ మధ్యలో మూడో అల నలుగురినీ తిరగేసింది. మూడు లెక్కపెట్టి పట్టీ లాగి పైకొచ్చాను. "మునిగాను!" అని అరిచాను. జవాన్ల గొంతులు వినిపించాయి. లెఫ్టినెంటు గొంతు వినిపించలేదు. సరంగు బోటు వేసుకొచ్చి ఆమెను లాగాడు. ప్రాణం ఉంది. కుడి భుజం కీలు తప్పింది, తర్వాత ఆపరేషన్ చేసినా ఆ చెయ్యి తల పైకి లేవలేదు.

రాజమండ్రి ఆస్పత్రి వరండాలో సరంగే చెప్పాడు.

"ఆయన మిమ్మల్ని రమ్మనలేదమ్మా. వెనక పెద్దాఫీసరు గారి జీపొచ్చింది. ఉస్తాద్ గారు తెడ్డు ఇసకలో గుచ్చేసి, అటు తిరిగి సెల్యూట్ కొట్టారు."

నిజం చెప్పాలంటే, అది విన్నాక నాకు కోపం తగ్గింది. సెల్యూట్‌కి కుడిచెయ్యి ఖాళీ కావాలి, చేతిలో ఉన్నది ఎక్కడో అక్కడ పెడతాం. యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఎవరైనా చేసే పొరపాటు. నేనైనా చేసేదాన్నే.

విచారణ గదిలో ఉస్తాద్ నావైపు చూడలేదు. బల్ల మీద పటంకేసి చూస్తూ చెప్పాడు. "అడ్డంగానే పట్టుకున్నాను సర్. మేడమ్ ఆగలేదు."

సరంగుని పిలవమన్నాను. బయటి మనిషి అన్నారు. లెఫ్టినెంటుని అడగమన్నాను. దెబ్బతిన్న మనిషి, సరిగా గుర్తుండదన్నారు. ఏప్రిల్‌లో పొడిగింపు లేదని కాగితం వచ్చింది. ట్రంకు పెట్టె, నోటుబుక్కు పట్టుకుని రాజమండ్రిలో దిగాను. ఆటో అతను "సెలవా అండీ?" అన్నాడు. అవునన్నాను.

ఇప్పటికీ కళ్ళు మూస్తే అదే. అల నన్ను పైకెత్తుతుంది. ఇసకలో నిటారుగా పసుపు తెడ్డు. దాని పక్కన సముద్రానికి వీపు పెట్టి, చెయ్యి నుదుటికి ఆనించి నిలబడ్డ మనిషి. ఆ రోజు నేను చూసింది తెడ్డునే. మనిషిని తర్వాత చూశాను.

ఉస్తాద్ గారూ, ఆ గదిలో మీ చేతిలో తెడ్డు లేదు, సెల్యూట్ చెయ్యమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. పైకి రాగానే నోరు తెరవమని నాకు నేర్పిన మీరు, ఎందుకు తెరవలేదు?