వావిలాకు గుండ

పక్కింటి బాలింతకి వావిలాకు నీళ్ళు కాస్తున్నారు. ఆ ఆవిరి గోడ దాటి రాగానే కిటికీ మూసేసేను. ఈ వయసులో కూడా ఆ వాసనకి వెనక్కి తిరిగి చూస్తాను.

చోడవరంలో నా చిన్నప్పుడు, తమ్ముడు పుట్టేక అమ్మ ఒంటి నిండా అదే వాసన. పురిటి మంచం మీదే జ్వరమొచ్చి అమ్మ పోయింది. తమ్ముణ్ణి అమ్మమ్మ రావికమతం తీసుకుపోయింది. అమ్మ ఏదని అడిగితే నాకెవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళకి నూర్పులయ్యేయి. ధాన్యానికి పురుగు పట్టకుండా నాయనమ్మ ఎండిన వావిలాకు దంచి, ఆ గుండ పొరపొరకీ చల్లుతూ వెదురు గాదె నింపించింది. సాయంత్రం ఆ గదిలోకి వెళ్తే అమ్మ వాసన! గాదెకి చెవి ఆనించేను. లోపల సర్రుమని గింజలు జారేయి. అమ్మ పక్కకి ఒత్తిగిలిందనుకున్నాను. అప్పట్నుంచి రోజూ వెళ్ళి కబుర్లు చెప్పేదాన్ని.

ఓ రోజు నాయనమ్మ చూసేసింది.

"ఒసే గుంటా, గాదెతో ఏటి మాటాడతన్నావే?"

"అమ్మ లోపలుంది నాయనమ్మా. దాన్యం తీసినప్పుడు పైకి రమ్మని సెప్పు."

నాయనమ్మ నన్ను చంకనేసుకుని బయటికొచ్చి, గదికి గడియ పెట్టేసింది.

మరుసటేడు పెరట్లో వావిలి చెట్టు కొట్టించేసింది. గాదెలో వేపాకు గుండ చల్లింది. నా కోసమేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ చేదు వాసనలో, గాదెకి చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాను.

ఆ ఏడు పురుగూ రాలేదు, అమ్మా రాలేదు.