మా అక్క గొంతుకి బావ తీసిన నకలు

మా బావ పనిచేసే ఆస్పత్రిలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. "రెండోదిగారు" అంటారు. ఎవరు ఏ కాగితం చూపించినా, ఏ తాళంచెవి చూపించినా "రెండోది ఉందా?" అని అడగడం ఆయన అలవాటు. గొడుగులు రెండు, కళ్ళజోళ్ళు రెండు, గడియారాలు రెండు. పెళ్ళికి ముందు మా అక్కను చూసి "మీకు చెల్లెళ్ళున్నారా?" అని అడిగాడని నేను ఊరంతా చెప్పాను. అది అబద్ధం. కానీ విన్నవాళ్ళెవరూ అబద్ధమనుకోలేదు. అది మా బావ గొప్పతనం. నాది కూడా కొంత ఉందనుకోండి.

నేను కాలేజీని మధ్యలో వదిలేశాను. తామే నన్ను వదిలించుకున్నామని కాలేజీవాళ్ళు చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. చదువు సంగతి ఎలా ఉన్నా, మా బావ ఉద్యోగం ఏమిటో ఆయనకన్నా నేనే బాగా చెబుతాను. ఆస్పత్రిలో సర్వర్లు రెండు జాతులు. బిల్లులు, అపాయింట్‌మెంట్లు, ఎక్స్‌రేలు విండోస్ సర్వర్లలో ఉంటాయి. గొంతు విభాగంవాళ్ళ రికార్డింగులు ఒక పాత యూనిక్స్ సర్వర్లో ఉంటాయి. అన్నిటిలోనూ ఉన్నదాన్ని నెట్‌వర్క్ మీదుగా తెచ్చి, వేరే భవనంలోని బ్యాకప్ మెషీన్లో రోజూ నకలు తీసి దాచడం మా బావ పని. నకలు సరిగా వస్తే ఆయన స్క్రీన్ మీద ఆ సర్వర్ పేరు పక్కన పచ్చ చుక్క పడుతుంది. రాకపోతే ఎర్ర చుక్క. ఎర్ర చుక్క పడిన రోజు మా బావకు అన్నం దిగదు. ఒకసారి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు చూసి, స్కూటర్ దిగి, స్తంభం వెనక ఏ కేబుల్ ఊడిందోనని వెతికాడు. నమ్మకపోతే మానేయండి.

మా అక్క డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఆమె "బ్రేకూ!" అని అరిస్తే పక్క వీధిలో బస్సులు కూడా ఆగేవి. నా కళ్ళ ముందే ఒకటి ఆగింది. అక్కడ స్టాపు ఉండటం వేరే సంగతి.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. స్వరపేటిక తీసేయాలి, తీశాక మాట ఉండదు అన్నారు డాక్టర్లు. అలాంటివాళ్ళ మాటను ఆపరేషన్‌కు ముందే రికార్డు చేసి ఉంచడం గొంతు విభాగంలో పద్ధతి. మా అక్క చేతికి కూడా అక్కడి మేడమ్ చదవమని ఒక పేజీ ఇచ్చింది.

"ఇది చదవడానికి నా గొంతెందుకమ్మా? ఎవరు చదివినా ఇంతే. నేను ఇందులో మా ఆయనతో మాట్లాడతాను. నువ్వు కాస్త బయట కూర్చో, తల్లీ" అంది అక్క.

మేడమూ నేనూ వరండాలో కూర్చున్నాం. లోపల అక్క చాలాసేపు మాట్లాడింది. తలుపు మందంగా ఉంది, చెవి ఆనించి చూశాను కాబట్టి చెబుతున్నాను. బయటికి వచ్చాక అడిగాను.

"ఏం చెప్పావే?"

"నీకెందుకురా? ఆయనకి చెప్పుకున్నాను."

"నన్ను తిట్టావా మధ్యలో?"

"నీకంత సీను లేదు, పద."

నేరుగా బావ గదికి వెళ్ళాం. ఆస్పత్రి నెట్‌వర్క్‌కు అప్పుడే కొత్త ఫైర్‌వాల్ పెట్టారు. లోపలికీ బయటికీ ఏ డేటా పోవాలో తేల్చే కాపలాదారన్నమాట. అది వచ్చినప్పటి నుంచి విండోస్ నకళ్ళన్నీ సగంలో తెగిపోతున్నాయి. స్క్రీన్ నిండా ఎర్ర చుక్కలే.

"ఏవండీ, అయిపోయింది. రండి, ఇద్దరం కలిసి విందాం. నేను పక్కన ఉండగా వినండి" అంది అక్క.

"వింటాలేవే, ఎక్కడికి పోతుంది? సర్వర్లో ఉంది, రేపటికి నకలు కూడా వచ్చేస్తుంది. ముందు ఇవి చూడు, తట్టు పోసినట్టు ఎలా ఉందో!"

"నా గొంతుకన్నా ఎక్కువా మీ తట్టు?"

"నీ గొంతుకేం, నిక్షేపంగా ఉంది. అదిగో పచ్చ చుక్క" అని యూనిక్స్ సర్వర్ పేరు చూపించాడు బావ. "దాన్ని చూసి నేర్చుకోవాలి మిగతావన్నీ. ఇదివరకు గంటలు పట్టేది, ఇప్పుడు చిటికెలో ముగించేస్తోంది."

అక్క ఆ చుక్కను కాసేపు చూసి, "సరే, మీ ఇష్టం" అంది.

మా అక్క "మీ ఇష్టం" అంటే ఏమిటో ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. బావకు ఆ రోజు పిల్లికున్నంత తెలివి కూడా లేకపోయింది.

ఆ ఎర్ర చుక్కలతో ఆయన పడిన పాట్లు చెప్పాలంటే రామాయణమంత అవుతుంది. మొదట అకౌంటెంట్ మీద పడ్డాడు, ఆయన ఫైళ్ళు మూయకుండా ఇంటికి పోతాడని. "నా ఫైలు తెరిచి ఉంటే ఎక్స్‌రే సర్వర్‌కు జలుబెందుకు చేస్తుందయ్యా?" అన్నాడు అకౌంటెంట్. కేబుళ్ళు మార్చాడు. సర్వర్లు ఒకదాని పేరు ఒకటి గుర్తుపడుతున్నాయో లేదో చూశాడు. చివరికి దొరికింది. పెద్ద సర్వర్లు నకలు పంపేముందు ఏ ఫైళ్ళు మారాయో వెతుక్కుంటాయి. అంతసేపూ లైన్లో చడీచప్పుడూ ఉండదు. కొత్త ఫైర్‌వాల్, ఈ లైన్లో ఎవరూ లేరనుకుని కత్తిరించేస్తోంది. మధ్యమధ్యలో "ఉన్నాను, ఉన్నాను" అని ఒక చిన్న పలకరింపు పంపేలా బావ మార్చాడు. దెబ్బకి అన్నీ పచ్చబడ్డాయి.

ఆ వార్త మోసుకుని వార్డుకు వచ్చేసరికి అక్క ఆపరేషన్ అయి, మెడకు కట్టుతో పడుకుని ఉంది. "అన్నీ పచ్చేనే!" అన్నాడు. అక్క బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆ తర్వాతైనా రికార్డింగ్ వినొచ్చుగా? వినలేదు. "ఇప్పుడు వింటే తట్టుకోలేను, బావమరిదీ. కొన్నాళ్ళు పోనీ" అన్నాడు. ఎప్పుడు పడితే అప్పుడు వినొచ్చనే ధీమా.

అక్క మళ్ళీ డ్రైవింగ్ స్కూల్‌కు వెళ్ళింది. తాళంచెవితో డాష్‌బోర్డు మీద కొడితే బ్రేకు, కిటికీ మీద కొడితే క్లచ్. నేర్చుకునేవాళ్ళు అరుపుకన్నా ఆ చప్పుడుకే ఎక్కువ వణికేవాళ్ళు.

అలా ఉండగా ఒక రోజు మధ్యాహ్నం కరెంటు పోతూ వస్తూ ఆడి, గొంతు విభాగం సర్వర్లో డిస్కు కాలిపోయింది. నేను బావకు క్యారియర్ తెచ్చి అక్కడే ఉన్నాను. మేడమ్ ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే ఈయన నవ్వాడు. "కంగారెందుకమ్మా? రెండోది ఉంది" అన్నాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఎడమచేత్తో నకలును వెనక్కి తెప్పించాడు. ఫోల్డర్ వచ్చింది. తెరిచాడు. ఖాళీ.

ముందురోజుది తెప్పించాడు. ఖాళీ. అంతకుముందువీ ఖాళీయే. బాగా వెనక్కి వెళ్తే పాత రోగుల రికార్డింగులున్నాయి. అక్క రికార్డింగ్ నాటికి ఏమీ లేదు. అన్నిటి పక్కనా పచ్చ చుక్కలు మాత్రం ఉన్నాయి.

యూనిక్స్ సర్వర్ చూసే గడ్డం ఆయన్ని పిలిపించారు.

"డిస్కు నిండిపోతే కొత్తది పెట్టానండీ. పాత ఫోల్డర్ పేరు మీదే తగిలించాను, వాడేవాళ్ళకి తేడా తెలియకూడదని."

"నాక్కూడా తెలియకూడదనా?" అన్నాడు బావ.

"మీ ప్రోగ్రామ్ పచ్చ చూపిస్తోందిగా సార్. అందుతోందనుకున్నాను."

గడ్డం ఆయన తప్పేమీ లేదు. ఎప్పుడో యూనిక్స్ నకలు తీసే ప్రోగ్రామ్ నెట్‌వర్క్ మీదుగా విండోస్ డిస్కులోకి కూడా దూరి, అన్నీ రెండేసిసార్లు మోసుకొచ్చింది. అప్పుడు బావే దానికి ఆజ్ఞ వేశాడు, ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కులోకి అడుగు పెట్టొద్దని. అది మాట తప్పలేదు. రోజూ ఆ ఫోల్డర్ గడప దాకా వెళ్ళడం, లోపలున్నది వేరే డిస్కని చూడటం, వెనక్కి తిరిగి వచ్చి అంతా సవ్యమని చెప్పడం. చిటికెలో పని ముగియడానికి కారణం అదే.

విండోస్ నకలు నిజంగా తెరుచుకుంటుందో లేదో బావ నెలనెలా తెరిచి చూసేవాడు, అకౌంటెంట్ నస పెడతాడని. గొంతు విభాగంవాళ్ళు ఎప్పుడూ ఏమీ అడగలేదు. అరిచేవాళ్ళ వెంట పరిగెత్తడమే సరిపోయింది ఆయనకి.

కాలిన డిస్కును బాగుచేసేవాళ్ళకు పంపారు. పనికిరాదని తిరిగి వచ్చింది. పోయినవాటిలో ఇంకొందరి గొంతులూ ఉన్నాయి. ఆ ఇళ్ళన్నిటికీ బావ ఒక్కడే వెళ్ళి, తలుపు తట్టి, చెప్పి వచ్చాడు. సొంత ఇంట్లో చెప్పడం మాత్రం ఆఖరికి పెట్టుకున్నాడు.

నన్ను తోడు రమ్మన్నాడు. అక్క డ్రైవింగ్ స్కూల్‌కు బయల్దేరబోతూ చెప్పులు వేసుకుంటోంది. బావ మొత్తం చెప్పాడు, గడపతో సహా. అక్క గోడకు ఆనుకుని వింది. వాతావరణం తేలిక చేద్దామని నేను సిగ్నల్ స్తంభం కథ ఎత్తుకోబోయాను. నా వైపు ఒక చూపు చూసింది.

"అందులో ఏం చెప్పావో ఇప్పుడైనా రాసి చూపించవూ?" అన్నాడు బావ. తన ఫోన్ తీసి ఆమె చేతికి ఇవ్వబోయాడు.

అక్క ఫోన్ తీసుకోలేదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. పెదవులు కదపడం మొదలుపెట్టింది. శబ్దం లేదు. నిదానంగా, ఏదీ వదలకుండా చెబుతున్నట్టే ఉంది. ఒకచోట నవ్వింది. ఒకచోట ఆయన చొక్కా గుండీ సరిచేసింది. ఒకచోట కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. బావ ముందుకు వంగి, ఆ పెదవుల మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు.

అయిపోయాక, అర్థమైందా అన్నట్టు చెయ్యి తిప్పింది.

"లేదే" అన్నాడు బావ.

బయట స్కూల్ కారులో కూర్చున్న కొత్తమ్మాయి భయం భయంగా హారన్ కొట్టింది. అక్క లేచి, ఆయన తల మీద ఒకసారి చెయ్యి వేసి, తాళంచెవి తీసుకుని బయటికి వెళ్ళింది.