తాత పేరున మామిడిపండు

మగడు ఇడమయ్య పోయినప్పటి నుంచి జోగమ్మ చేతులు పనిచేస్తాయి గాని, మనసు దేనికీ కదలదు. ఎండాకాలం పిల్లలు బోరింగు కింద తడిసి కేరింతలు కొడుతుంటే, ఒక్కొక్కరినీ పట్టుకొని తల తుడిచి పంపుతుంది, నవ్వదు, కసరదు. చర్ల అవతల అడవిలో ఉన్న వాళ్ల ఊళ్లో, మామిడి పండుగనాడు పోయిన పెద్దలకు పెట్టకముందు కొత్తకాయ ఎవరూ నోట పెట్టరు. ఈ ఏడు మొదటి పండు ఇడమయ్యకని ఆమె టేకాకులో చుట్టి దాచింది. పండుగ పొద్దున విప్పితే దాని మీద చిన్న పంటిగాటు ఉంది.

“ఎంగిలి చేస్తివి గదనే! ఇగ తాత ముడతడా?” అని కోడలు వనజ కూతురి మీద చెయ్యెత్తింది.

సిరి జోగమ్మ చాటుకు నక్కింది. “తాతది బోసినోరు గదా, అవ్వా. గట్టిగ, పుల్లగుంటే ఎట్ల తింటడని చూసిన.”

జోగమ్మ ఆ పిల్ల మూతి కొంగుతో తుడిచింది. ఆ పండునే తీసుకెళ్లి మగడి పేరున పెట్టింది.

“తియ్యగనే ఉన్నదంట, తినయ్యా.”