సెలవు దొరకని ఏడాది

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను. ఏళ్ళ తరబడి యూనివర్సిటీలో బాటనీ చెప్పినదాన్ని. హాస్టల్లో తెల్లచీర కనబడిందని పిల్లలు వణుకుతూ వస్తే, చీర సంగతి తర్వాత, ముందు మీ అటెండెన్స్ కనబడటం లేదు, దాని సంగతి చూడండి అనేదాన్ని. తర్కం లేని మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. అడవి దుంపల మీద పరిశోధనకు ఏడాది సెలవు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాను. కొంత సర్వీసు నిండితే జీతంతో అలాంటి సెలవు ఇవ్వొచ్చని రూలుంది. భద్రాచలం దాటి లోపలికి వెళ్తే ఒక చిన్న కోయ ఊరుందని, అక్కడి ఆడవాళ్ళకు తెలియని దుంప లేదని విని, ఆ ఊరి పేరే రాశాను. మా హెడ్ ఒప్పుకోలేదు. ఇద్దరు రిటైరవుతున్నారట, క్లాసులు ఎవరు చెబుతారట. ఆయన సొంత సెలవుకు మాత్రం ఏ క్లాసూ అడ్డం రాలేదు.

ఆ ఏడాదంతా ఒళ్ళు ఇక్కడ, మనసు అక్కడ. బోర్డు మీద బొమ్మ గీస్తూ కూడా ఆ ఊరి గురించే ఆలోచించేదాన్ని. హైదరాబాదు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. పంతం కొద్దీ క్యాజువల్ లీవు కూడా వాడుకోలేదు.

మరుసటి ఏడాది సెలవు మంజూరైంది. ఖమ్మం నుంచి బస్సులో బయల్దేరాను. సారపాకలో కాగితం మిల్లుకు వెదురు తోలే లారీల వెనక చాలాసేపు ఆగిపోయాం. వంతెన దాటి, భద్రాచలంలో దిగి జీపు మాట్లాడుకున్నాను. గోదావరి దాటి అటువైపు వెళ్ళడం నాకు అదే మొదటిసారి.

ఊళ్ళో జీపు ఆగేసరికి మిట్టమధ్యాహ్నం. ఇప్పగింజలు పగలగొడుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకామె పరుగున వచ్చి, నన్ను దాటుకుని జీపులోకి తొంగిచూసింది. వెనక సీటు చూసింది, ముందు సీటు చూసింది, మళ్ళీ వెనక సీటు చూసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"పిల్లేది మేడం?"

ఆమె పేరు జోగమ్మ. సంగతి ఏమిటో ఊరిపెద్ద విడమరిచి చెప్పాడు. నిరుడు వానాకాలం నేను ఆ ఊరికి వచ్చానట. ఏడాది సెలవు దొరికిందని చెప్పానట. జోగమ్మ ఇంట్లోనే ఉండి, ఆమెతో కలిసి దుంపలు తవ్వానట. వెళ్ళేటప్పుడు, మీ సారక్క తెలివిగల పిల్ల, పట్నంలో చదివిస్తాను, విత్తనాల పండక్కి తీసుకొస్తాను అని ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని పోయానట. పండగ వచ్చింది, పోయింది, పిల్ల రాలేదు.

నాకు నవ్వొచ్చింది. పిల్లల్ని ఇళ్ళలో పనికి అమ్ముకునే మనిషి ఎవరో మేడం వేషం కట్టింది, వీళ్ళకు కళ్ళద్దాలు పెట్టుకున్న ఆడవాళ్ళంతా ఒకటే అనుకున్నాను. ఆ మాటే నచ్చజెప్పబోయాను.

అప్పుడు గమనించాను వాళ్ళు కూర్చున్న తీరు. అందరూ నాకు ఎడమపక్కనే చేరారు. కుడిపక్క నీడ ఉంది, చోటు ఉంది, ఒక్కరూ కూర్చోలేదు. ఒక ముసలామె అటు కూర్చోబోతే జోగమ్మ చెయ్యి పట్టుకుని ఇటు లాగింది. ఆ పక్క మేడానికి వినబడదు కదా అంది, మామూలుగా.

చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి నా కుడిచెవి పోయింది. ఉద్యోగానికి అడ్డమవుతుందని ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు తెలుసు, ఆమె పోయింది. డిపార్టుమెంటులో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. ఆ పట్టపగలు, అంతమంది మధ్యలో, కొంగు లాక్కుని ఆ చెవి కప్పుకున్నాను.

ఊరిపెద్ద మమ్మల్ని పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళాడు. నాకు కుర్చీ వేశారు. జోగమ్మను గోడ పక్కన నిలబెట్టారు. ఎస్సై మా హెడ్‌కు ఫోన్ చేశాడు. సెలవు ఇవ్వని మనిషే నన్ను గట్టెక్కించాడు. నిరుడు ఆమె ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టలేదు, సెలవు కుదరదన్నది నేనే అని గర్వంగా చెప్పాడట. ఎస్సై నాకు టీ తెప్పించాడు. చదువుకున్నవాళ్ళ మీద నింద వేస్తే లోపల వేస్తానని జోగమ్మను తిట్టాడు. పిల్ల తనంతట తానే వెళ్ళిపోయిందని కాగితం రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించాడు.

బయటికి వచ్చాక జోగమ్మ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీ సెలవెప్పుడైపోతది మేడం?" అంది. "అయినంకనే పిల్లను తోలుకరా. పండుగ లేకున్నా మంచిదే."

హెడ్ ఊరు మార్చుకోమన్నాడు. అశ్వారావుపేట వైపు వెళ్ళి, పామాయిల్ తోటల వెనక మిగిలిన అడవిలో ఏవో నాలుగు దుంపలు తవ్వి రిపోర్టు రాసిచ్చాను. దానికే నన్ను ప్రొఫెసర్ని చేశారు. హెడ్ స్వయంగా శాలువా కప్పి, సెలవు విలువ తెలిసిన మనిషి అని పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కొన్నేళ్ళ తర్వాత ఒక ఉదయం ఖమ్మం బస్టాండులో ఉన్నాను. ఎదుగుతున్న ఆడపిల్ల ఒకతి ఎవరి పసిబిడ్డనో చంకనేసుకుని నిలబడి ఉంది. పక్కనే సామాన్లతో ఆ బిడ్డ తల్లిదండ్రులు. పిల్ల నన్ను చూసి బిగుసుకుపోయింది. ఏమనిపించిందో ఏమో, సారక్కా అని పిలిచాను.

పిల్ల వెనక్కి వెనక్కి నడిచింది. చంకలో బిడ్డ ఏడుస్తున్నా చూసుకోలేదు.

"నేను రాను మేడం. ఈళ్ల కాడనే ఉంట. కొట్టకు."

ఆ దంపతులు నన్ను ఎగాదిగా చూసి, పిల్లను లాక్కుని బస్సెక్కారు. నేను పరిగెత్తేసరికి బస్సు గేటు దాటింది. బస్టాండులోని పోలీసు దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్లను అంతకుముందు ఎప్పుడైనా చూశారా అని అడిగాడు. లేదన్నాను. మరి ఎలా గుర్తుపట్టారు అన్నాడు. ఆ పిల్లను నేనెప్పుడూ చూడలేదన్న మాటే ఆనాడు నన్ను కాపాడింది, ఆ మాటే ఇప్పుడు నా నోరు మూసింది.

మర్నాడు ఆ ఊరికి వెళ్ళాను. పిల్ల బతికే ఉందని తల్లికి తెలియాలి కదా. జోగమ్మ సగమైపోయి ఉంది. అంతా చెప్పాను, పిల్ల నాతో అన్న మాట కూడా దాచలేదు. ఆమె ఏడవలేదు. మెల్లగా అడిగింది.

"నెత్తి మీద కొట్టలేదు గద మేడం? చిన్నప్పుడు చెట్టు మీదికెల్లి పడ్డది. నెత్తికి దెబ్బ తాకితే తట్టుకోదు."

"లేదమ్మా," అన్నాను. "నెత్తి మీద కొట్టలేదు."

నా ముఖంతో ఆ ఊరికి ఎవరు వచ్చారో నాకు తెలియదు. ఆ రోజు ఆ మాట అంత కచ్చితంగా నా నోట ఎలా వచ్చిందో అంతకన్నా తెలియదు.